మొలతాడు కింద కాఫీ పొడి

చర్మవ్యాధుల డాక్టరుకు ఆసుపత్రిలో ఎంత గౌరవం ఉంటుందో ముందే చెప్పేస్తాను. తర్వాత ఎవరూ నన్ను తిట్టుకోకూడదు. గుండె డాక్టరు వరండాలో నడిచి వస్తుంటే రోగులు, వాళ్ల చుట్టాలు, చివరికి స్తంభాలు కూడా కాస్త పక్కకి జరుగుతాయి. చర్మం డాక్టరు వస్తుంటే మాత్రం "గజ్జి డాట్రమ్మొత్తంది, తలుపు ముట్టుకోకండి" అంటారు. మా అత్తగారు బతికి ఉన్నంతకాలం చుట్టాలతో నేను 'జనరల్ డాక్టర్' అనే చెప్పుకున్నారు. అడగని వాళ్లకి కూడా పిలిచి మరీ చెప్పారు.

నా మోకాళ్లు ఆసుపత్రి మెట్లతో మాటలు మానేసిన కారణంగా, సర్వీసు ఇంకా మిగిలుండగానే విరమించుకున్నాను. అప్పటినుంచీ కొత్తగా చర్మవైద్యంలో చేరిన పిల్లలు వచ్చి లేజర్ల గురించి అడుగుతున్నారు. లేజర్ గురించి నాకు తెలిసిందంతా పెళ్లి ఊరేగింపుల్లో చూసిందే. నాకు తెలిసిన సంగతులు వేరే ఉన్నాయి. అవి సబ్బు, నీళ్లు, టార్చిలైటు, అంతకన్నా ముఖ్యంగా ఎదుటి మనిషి చేత చొక్కా విప్పించగల నోరు. ఈ నాలుగింటితో ఒక మనిషి ప్రాణం ఎలా నిలబడిందో రాస్తాను. ప్రమోషన్లు, బదిలీలు, ఆ ఫైళ్ల గొడవ నాకే గుర్తులేదు, మీకెందుకు.

సోమవారం జనం

మా ఆసుపత్రి అరకు ఘాట్ రోడ్డు కిందికి దిగిన చోట ఉండేది. ఎక్కేవాళ్ల కంటికి మేము ఆనం. దిగేవాళ్లకి మాత్రం, దిగిన వారానికి, తప్పకుండా గుర్తొస్తాం.

చలి మొదలై కొండమీద చేలల్లో పసుపుపచ్చని వలిసె పూలు పూశాయంటే మైదానం మైదానమంతా లేచి పైకి వెళ్లిపోతుంది. విజయనగరం ఖాళీ, సాలూరు ఖాళీ, ఊళ్లో కుక్కలు కూడా ఎవరిని చూసి మొరగాలో తెలియక పడుకునేవని నా అంచనా. వెళ్లినవాళ్లు పూలల్లో దొర్లుతారు, జలపాతంలో చెప్పుల్లేకుండా నడుస్తారు, బొంగులో చికెన్ తింటూ ఆ బొంగు పేడు వేలికి గుచ్చుకుంటారు, సాయంత్రం మంట చుట్టూ కూర్చుని దోమలకి విందు పెడతారు. దిగివచ్చాక గోకడం మొదలవుతుంది. తర్వాతి సోమవారానికి మా గది ముందు వరస ఆసుపత్రి గేటు దాటి, టీకొట్టు దాటి, దాదాపు ఒరిస్సా సరిహద్దు దాకా ఉండేది.

ఆ వరసలో ఉన్నవన్నీ ఒకే కుటుంబం రోగాలు. దోమ కుట్టిన చోట గోకితే చీముపొక్కులు, వాటి మీద తేనెరంగు చెక్కు. కాలి పగులులోంచి ఆ చీము లోపలికి దిగితే కాలంతా ఎర్రగా, వేడిగా, మోకాలి దాకా వాపు. పేడు ఉండిపోతే సెగగడ్డ. అందరి మాటా ఒకటే: "కొండ గాలి పడనేదు డాట్రమ్మా." కొండ గాలికి ఏ పాపమూ తెలియదు. ఆ చీము పుట్టించే బ్యాక్టీరియా మనతోనే బస్సెక్కి, మనతోనే దిగింది. అది మన ముక్కులో, గోళ్లలో, ఒంటి మీద టికెట్ లేకుండా కాపురం ఉంటుంది. కొండ చేసిందల్లా ఒక చిన్న గీత గీయడం. మిగతా పనంతా మన గోళ్లే చేశాయి. పైన ఊళ్లలో వాళ్ల మీద, అక్కడి నీళ్ల మీద నెపం వేసిన ప్రతి యాత్రికుడికీ నేను ముందు గోళ్లు కత్తిరించుకోమనేదాన్ని. మందు ఆ తర్వాతే రాసేదాన్ని.

ఇక ఆ పుళ్ల మీద వాళ్లు పూసుకొచ్చే పదార్థాలు వింటే ఒక హోటలు పెట్టొచ్చు. పసుపు, సున్నం, టూత్‌పేస్టు, వేపాకు ముద్ద, ఒకాయనైతే మోటారు సైకిలు గ్రీజు. అన్నిటికన్నా ఎక్కువ కాఫీ పొడి. తెగితే కాఫీ పొడి అద్దడం మా వైపు తాతల నాటి అలవాటు. దానికి తోడు అరకు వెళ్లి కాఫీ పొడి కొనకుండా దిగిన మనిషిని ఇంట్లోకి రానివ్వరు. కాబట్టి యాత్రా ఫలం, దాని మందూ ఒకే సంచీలో వచ్చేవి. నా గదిలో రోగుల వాసన చూసి టీకొట్టువాడు, నేను పోటీగా కాఫీ హోటలు తెరిచాననుకున్నాడు.

కడుగు మాస్టారు

నాకు చర్మవైద్యం నేర్పిన పెద్దాయనను మేము వెనకాల 'కడుగు మాస్టారు' అనేవాళ్లం. రోగి కూర్చోగానే ఆయన నోట్లోంచి వచ్చే మొదటి మాట "కడుగు". రోగం ఏమిటని అడగడం రెండోది. కడగకుండా పేరు చెప్పిన విద్యార్థిని గోడవైపు తిరిగి నిలబెట్టేవారు, పెళ్లయిన వాళ్లని కూడా.

ఒకసారి జి.మాడుగుల వైపు నుంచి ఒక ముసలమ్మ వచ్చింది. ముంజేతి మీద ఏదో నల్లగా ఉంటే మాస్టారు నా వైపు చూశారు. నేను సబ్బు పట్టి రుద్దడం మొదలుపెట్టాను. చాలాసేపు రుద్దాను. మునిసిపాలిటీ నీళ్లన్నీ అయిపోయాయి. ముసలమ్మ ఓపిగ్గా చూసి చూసి అంది:

"మా యమ్మ పొడిపించిన పచ్చబొట్టు తల్లీ. నీ సబ్బుకి పోతాదేటి?"

మేమంతా నవ్వాం. మాస్టారు నవ్వలేదు. "చూశావా, కడిగినా పోనిది రోగిది. కడిగితే పోయేది రోగి చుట్టాలది," అన్నారు. ఆ ముసలమ్మ అసలు జబ్బు వీపు మీద ఉంది, అది కూడా కడిగాకే తేలింది. ఆయనతో నాకు సరిపడనివి చాలా ఉండేవి. నర్సుల మీద అరిచేవారు, ఆడపిల్లలకి ఈ చదువెందుకని మా ముందే అనేవారు. ఆ రెండూ తప్పే. కడగమనడం మాత్రం తప్పు కాదు.

కండక్టరు గారి జ్వరం

సింహాచలం గారు బస్సు కండక్టరు. ఉద్యోగమంతా ఘాట్ రోడ్డు మీదే గడిచింది. అనంతగిరి మలుపులు కళ్లు మూసుకుని చెప్పగలరు, కానీ ఒక్కనాడూ బస్సు దిగి ఆ పూలు చూసిన పాపాన పోలేదు. రిటైరయ్యాక ఆయన భార్య పైడితల్లి పట్టుబట్టి వ్యానులో తీసుకెళ్లింది. దిగివచ్చి పది రోజులు కూడా కాకముందే జ్వరం పట్టుకుంది. అది మామూలు జ్వరం కాదు, మంచం కింద పొయ్యి పెట్టినట్టు ఉండేది. తలనొప్పి, ఒళ్లునొప్పులు, ఆ తర్వాత ఆయాసం. మా ఆసుపత్రిలో మెడిసిన్ వార్డులో చేర్చారు.

ఆ వార్డు పెద్ద విశ్వనాథం గారు. ఆయన గొంతు ఎంత పెద్దదంటే, కింద రౌండ్లు మొదలుపెడితే పైన బొర్రా గుహల దగ్గర కోతులు లేచి కూర్చునేవి. మంచి వైద్యుడు, ఆయన చేతిమీదుగా బతికిన వాళ్లతో ఒక ఊరు కట్టొచ్చు. కాకపోతే ఆయనకి ఒక సూత్రం ఉండేది: కొండెక్కి దిగినవాడి జ్వరం మలేరియా, మలేరియా కాకపోతే డెంగీ, రెండూ కాకపోతే రక్తం తీసినవాడి తప్పు. ఆ ప్రకారం సింహాచలం గారి రక్తం మళ్లీ మళ్లీ తీశారు. మలేరియా లేదు. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయి కాబట్టి డెంగీ అన్నారు, డెంగీ పరీక్ష మాత్రం లేదు పొమ్మంది. కళ్లు పచ్చబడ్డాయి. ఊపిరి అందడం లేదు. మనిషి కలవరింతల్లో పడ్డాడు. కలవరింతల్లో కూడా డ్యూటీలోనే ఉన్నాడు:

"లోనకి జరగండి... ఎనకాల కాళీయే కదా... సిల్లర ఇవ్వాలమ్మా, నోటు సెల్లదు..."

పక్క మంచాల వాళ్లు నిజంగానే జరిగారని సిస్టర్ చెప్పింది.

మంచానికి ఒక పక్క పైడితల్లి. మరో పక్క సింహాచలం గారి అక్క రవణమ్మ. ఈవిడ మనిషి చిన్నదే గాని కూర్చుంటే వార్డు సగం నిండిపోయేది. తమ్ముడికి జ్వరం వచ్చిన రోజు నుంచీ ఆవిడ ఒకే ఒక్క వాక్యాన్ని నానా రాగాల్లో పాడుతోంది:

"అరకు సరదా దీనిది, సావు మా తమ్ముడిది."

పైడితల్లి ఆ మాట ప్రతిసారీ వినేది, తల వంచుకుని మొగుడి నుదుటి మీద తడిగుడ్డ మార్చేది. ఆయన పోతే ఆ వాక్యం తనకి జీవితాంతం ఇంటిపేరవుతుందని ఆవిడకి తెలుసు. వార్డులో అందరికీ తెలుసు.

మర్నాడు పొద్దున్నే విశాఖ పంపించేయాలని విశ్వనాథం గారు నిర్ణయించారు. దారిలో ఏమవుతుందో ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు. పంపే ముందు కేసు కాగితాల్లో ఖాళీ ఉండకూడదని నాకు కబురు పెట్టారు. ఒంటి మీద సన్నగా ఎర్రగా పేలింది, డెంగీ దద్దుర్లని రాసి సంతకం పెడితే చాలట. నన్ను పిలిచింది అందుకు. గజ్జి డాక్టర్ని ప్రాణాపాయంలో పిలవడమంటే, ఇల్లు తగలబడుతుంటే సున్నం వేసేవాణ్ణి పిలవడం లాంటిది. అయినా పోయాను.

లుంగీ ముడి

మధ్యాహ్నం వెలుతురులో చూశాను. పొట్ట మీద, ఛాతీ మీద మసక ఎరుపు. అది డెంగీది కావచ్చు, ఇంకా పది జబ్బులది కావచ్చు. చంకలు చూశాను, చెవుల వెనక చూశాను, వీపు తిప్పి చూశాను. తొడ పైన వేలు పెడితే లుంగీ గుడ్డ మీంచే ఎడమ గజ్జల్లో బిళ్ల తగిలింది, రేగిపండంత. ఒకే పక్క బిళ్ల కట్టిందంటే ఆ దగ్గర్లో ఎక్కడో పుండు ఉండాలి.

"లుంగీ వదులు చేయాలమ్మా," అన్నాను.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. మా వైపు పెద్ద మగవాళ్లు లుంగీని బొడ్డుకు పైన, దాదాపు గుండె దగ్గర కడతారు. అప్పటిదాకా చూసిన వైద్యులంతా బనీను ఎత్తి, ప్లీహం నొక్కి, ఆ ముడి దగ్గరకి వచ్చి మర్యాదగా ఆగిపోయారు. సింహాచలం గారు స్పృహలో లేరు గాని రెండు చేతులూ ఆ ముడి మీదే ఉన్నాయి. ఆ పట్టుని తియ్యడానికి సిస్టర్ ప్రయత్నించింది, ఆయా ప్రయత్నించింది, ముగ్గురం కలిసి లాగాం. మంచం కదిలింది గాని ముడి కదల్లేదు.

"నా ముందే విప్పడమ్మా ఆయన," అంది పైడితల్లి సిగ్గుపడుతూ.

రవణమ్మ లేచి నిలబడింది. "ఆడమనిసివి, నీకేటి పనమ్మా అక్కడ? జొరం ఒంట్లో ఉంటే లుంగీలో ఎతుకుతావేటి?"

"ఒళ్లు లుంగీలో కూడా ఉంటుందమ్మా."

"మగ డాట్రు లేడేటి ఈ ఊళ్లో?"

"ఉన్నారు. ఆయన ముడి దాకా వచ్చి వెళ్లిపోయారు."

సింహాచలం గారు కళ్లు మూసుకునే గొణిగారు. "రైట్... రైట్... పోనీ..."

నాకు అప్పుడు తోచింది. ఆయన చెవి దగ్గర వంగి, గొంతు గట్టి చేసుకుని అన్నాను: "చెకింగ్. కండక్టర్, బ్యాగు చూపించండి."

రెండు చేతులూ ముడి వదిలేశాయి. ఎడమ భుజం మీద లేని బ్యాగును తీసి, లేని టికెట్ల కట్టతో సహా భక్తిగా నా వైపు చాచారు. "అన్నీ కొట్టేసినానండి, సూసుకోండి," అన్నారు. ఆయన లెక్క సరిచూసుకునే లోపు మేము లుంగీ విప్పేశాం. ఆయన మనసు ఏ కొండ మలుపులో తిరుగుతున్నా, చెకింగ్ అంటే చేతులు ఎత్తాలని ఒంటికి తెలుసు.

నడుముకి నల్ల మొలతాడు. దానికి ఒక తాయెత్తు. ఎడమ పక్క, తాడు ఒరుసుకునే చోట, నల్లగా ఒక మచ్చ.

"అది కాఫీ పొడి మేడమ్," అంది సిస్టర్ వెంటనే. "చేర్చిన రోజే ఒళ్లు తడిగుడ్డతో తుడిచేటప్పుడు లుంగీ అంచు జరిగితే చూసి అడిగాం, కాగితంలో కూడా రాశాం."

పైడితల్లి తలూపింది. "మొలతాడు ఒరుసుకుందమ్మా. కొత్త తాడు కడితే ఒరుసుకోదేటి? నొప్పి లేదన్నాడు, దురద లేదన్నాడు. పొద్దున్నే లుంగీ లోనకి సెయ్యెట్టి తుడిసీసి మళ్లీ అద్దుతన్నాను రోజూ."

"అరకు కాపీ," అంది రవణమ్మ. "సుట్టాలొత్తే గుక్కెడు పోసి ఎరగదు. పుండుకి మాత్రం గుప్పిళ్లతో అద్దింది."

ఇక్కడ ఆగి చూడండి, కొత్త డాక్టర్లూ. చూసినవాళ్లున్నారు, కాగితంలో చదివినవాళ్లున్నారు. అడిగినవాళ్లూ ఉన్నారు. అడిగినవాళ్లందరికీ నిజమైన జవాబే దొరికింది, అది నిజంగానే కాఫీ పొడి. అందుకే ఎవరూ రెండోసారి చూడలేదు. మన పనిలో అబద్ధం చెప్పే రోగి పెద్ద ప్రమాదం కాదు, అతనితో మనం జాగ్రత్తగానే ఉంటాం. సగం నిజం చెప్పి సంతృప్తి పరిచే రోగి దగ్గరే మన కళ్లు విశ్రాంతి తీసుకుంటాయి.

సెలైన్‌తో గాజుగుడ్డ తడిపి కడిగాను. కాఫీ రంగు నీళ్లు పక్క దుప్పటి మీదకి దిగాయి, వాసన వార్డంతా కమ్మింది, మూల మంచం తాత లేచి గ్లాసు అందుకున్నాడు. పొడి అంతా పోయింది. మచ్చ పోలేదు. శనగబద్దంత నల్లటి ఎండుచెక్కు, చుట్టూ సన్నటి ఎర్ర అంచు. ఎవరో చుట్ట కాల్చి అక్కడ ఆర్పినట్టు.

"చుట్ట కాలిందా?"

"ఆయన తాగడమ్మా."

"కొండమీద ఎక్కడ పడుకున్నారు?"

పైడితల్లి గొంతు తగ్గించింది. "అన్నాలయినాక. వలిసె మడి గట్టు మీద గడ్డి మెత్తగుందని సొక్కా తీసీసి తొంగున్నాడు. నేనే తొంగోమన్నాను. జన్మంతా బస్సులో నిల్సున్నాడు, కాసేపు తొంగోనీ అనుకున్నాను."

మచ్చకి పేరు

ఆ జబ్బు పేరు స్క్రబ్ టైఫస్. గడ్డిలో, పొదల్లో నల్లి జాతి పిల్లపురుగు ఒకటి ఉంటుంది. కంటికి దాదాపు ఆనదు. మనిషి మీదకి ఎక్కి నడుస్తూ పోతుంది, బట్ట బిగుతుగా ఉన్న చోట ఆగుతుంది. నడుము, గజ్జలు, చంకలు. మా మగవాళ్లకైతే మొలతాడు దగ్గర దానికి స్టేజీ ఉన్నట్టే. కుట్టింది తెలియదు. పురుగులో ఉన్న బ్యాక్టీరియా మన ఒంట్లోకి దిగుతుంది, కుట్టిన చోట నల్లచెక్కు కడుతుంది. నొప్పి ఉండదు, దురద ఉండదు, అందుకే ఎవరూ పట్టించుకోరు. చాలామందికి ఆ చెక్కు అసలు కనిపించదు కూడా. కనిపించిందంటే రోగం తన పేరు తానే రాసి ఇచ్చినట్టు. మందు డాక్సీసైక్లిన్, ఏ పల్లెటూరి మందుల షాపులోనైనా దొరికే మామూలు మందు. వేళకి ఇస్తే లేస్తారు. ఇవ్వకపోతే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మెదడు ఒకదాని వెనక ఒకటి మొరాయిస్తాయి.

విశ్వనాథం గారి గదికి వెళ్లాను.

"సుభద్రా, నిన్ను పిలిచింది ఒంటి మీద మచ్చలకి," అన్నారు తల ఎత్తకుండా. "జ్వరం సంగతి మేం చూసుకుంటున్నాం."

"మచ్చే చూపిద్దామని వచ్చాను సార్. ఒక్కటే ఉంది. మీరు లేచి రావాలి."

"కాఫీ పొడి అని రాశారుగా."

"కడిగేశాను సార్."

ఆయన వచ్చారు. టార్చి వేసి వంగి చూశారు. ఉద్యోగంలో నేను ఆయన మౌనం విన్నది ఆ ఒక్కసారే. కోతులు కూడా కంగారు పడి ఉంటాయి. వేలితో చెక్కు అంచు నొక్కారు, గజ్జల్లో బిళ్ల తడిమారు, రోగి ముఖం చూశారు.

"పరీక్షకి పంపి, వచ్చాక మొదలుపెడదాం," అన్నారు కొంచెం నెమ్మదిగా.

"పంపుదాం సార్. వచ్చేదాకా ఆగితే ఆ రిపోర్టు ఇవ్వడానికి మనిషి ఉండడు. మందు ఇప్పుడే మొదలుపెడితే, నేను తప్పయినా ఆయనకి పోయేదేమీ లేదు."

"తప్పయితే కాగితం మీద నీ పేరు రాస్తాను."

"రాయండి. పక్కన 'గజ్జి డాక్టరు' అని కూడా రాయండి, జనం త్వరగా గుర్తుపడతారు."

ఆయన మొహంలో నవ్వు లాంటిది ఏదో వచ్చి తిరిగి వెళ్లిపోయింది. సిస్టర్ని పిలిచి తన గొంతుతోనే మందు చెప్పారు, నా గొంతుతో చెప్పనివ్వలేదు. దానికి నాకు కోపం రాలేదు. ఆయన గొంతుతో చెబితే వార్డు రెట్టింపు వేగంతో కదులుతుంది. ముక్కులో వేసిన గొట్టంలోంచి మొదటి మోతాదు వెళ్లింది, ఆక్సిజన్ పెంచారు, అంబులెన్సు గేటు దగ్గర పెట్టించారు. పొద్దున చూసి అవసరమైతే పంపాలని అనుకున్నాం.

వరండాలో పైడితల్లి నన్ను ఆపింది. చేతికి ఇంకా కాఫీ మరక ఉంది.

"అమ్మా, బేగి ఒక్క మాట సెప్పు. నేనద్దిన పొడి వల్లే లోనకి పోయిందా రోగం?"

"కాదు. పొడి పైన ఉంది. రోగం అంతకు ముందే లోపలికి పోయింది."

"మా వదినకి సెప్తావా?"

"ఇప్పుడు చెబితే నమ్మదు. ఆయన లేచి కూర్చున్నాక చెబుతాను."

"లేవకపోతే?"

ఆ ప్రశ్నకి డాక్టర్లందరూ ఏదో ఒకటి నేర్చుకుని పెట్టుకుంటారు. నేను మందు పనిచేస్తుందనుకుంటున్నానని చెప్పాను. అనుకున్నదే చెప్పాను. ఆవిడ గోడకి ఆనుకుని కూర్చుంది. లోపల్నుంచి రవణమ్మ గొంతు వినిపించింది, కొత్త కబురు అందుకుని: "కాపీ కింద దాసీసిందట రోగాన్ని. సూసినారా."

లెక్క తేలిన పూట

పొద్దున ఆయాసం పెరగలేదు. తగ్గిందని చెప్పలేం గాని పెరగలేదు. విశ్వనాథం గారు అంబులెన్సుని కాసేపు ఆగమన్నారు. మధ్యాహ్నం ఇంకోసారి ఆగమన్నారు. సాయంత్రానికి డ్రైవరు విసిగిపోయి టీకొట్టులో కాపురం పెట్టాడు. ఆ మర్నాడు నేను వెళ్లేసరికి సింహాచలం గారి ఒళ్లు చెమటతో తడిసి, ముట్టుకుంటే చల్లగా ఉంది. కళ్లు తెరిచి ఉన్నాయి. తన మీదున్న దుప్పటి కిందకి చూసుకుని, చుట్టూ చూసి, జ్వరం వచ్చాక మొదటి తెలివైన మాట అన్నారు:

"నా లుంగీ ఎవరిప్పీసినారు?"

వార్డులో ఎవరూ ఒప్పుకోలేదు. నేను చార్టు చదువుతున్నట్టు నటించాను.

ఆ వారం నుంచి విశ్వనాథం గారి రౌండ్లలో కొత్త ఆచారం మొదలైంది. కొండ దిగివచ్చిన ప్రతి జ్వరానికీ తెర కట్టించి, మొలతాడు జరిపి, చంకలెత్తించి, టార్చితో చూసేవారు. ఆడవాళ్లకైతే రవికల కింద చూడడానికి నన్నో సిస్టర్నో పిలిచేవారు. కలెక్టరాఫీసు పెద్దమనిషి ఒకాయన దీనికి ఒప్పుకోకపోతే "మీ ఫైలు తెరవకుండా సంతకం పెట్టమంటారా" అని గద్దించారట. ఆ చూడడంలో తర్వాత ఇంకొందరు దొరికారు. ఆయన సూత్రంలో మూడో జ్వరం చేరింది. ఆ వయసులో సూత్రం మార్చుకున్న పెద్ద డాక్టర్లను నేను ఎక్కువమందిని చూడలేదు, అందుకే ఆయన గొంతు సంగతి ఎంత పెంచి రాసినా ఈ సంగతి పెంచకుండా రాస్తున్నాను.

మీరు కొండకి వెళ్లే వాళ్లకి చెప్పాల్సిందీ ఎక్కువ లేదు. గడ్డి మీద పడుకుంటే కింద చాప వేసుకోమనండి. దిగాక సబ్బుతో స్నానం చేసి, వేసుకున్న బట్టలన్నీ ఉతకమనండి. తెగిన చోట సబ్బు, నీళ్లు. కాఫీ పొడి గ్లాసులోకి. జ్వరమొస్తే ఎక్కడెక్కడ తిరిగిందీ దాచకుండా చెప్పమనండి, డాక్టరు అడిగిన చోటల్లా చూపించమనండి. మీ వంతుకొస్తే, అడగడానికి సిగ్గుపడకండి.

పైడితల్లికి ఇచ్చిన మాట తీర్చుకోవాల్సింది మిగిలింది. సింహాచలం గారు దిండుకి ఆనుకుని గంజి తాగగలిగిన పూట, రవణమ్మ మళ్లీ రాగం అందుకుంది.

"లేసినావు గాబట్టి సరిపోయింది తమ్ముడూ. నీ పెల్లాం కాపీ పొడి ఏసి రోగాన్ని కప్పెట్టీసింది. డాట్రమ్మ కడగబట్టి బతికినావు."

నేను మంచం దగ్గరకి వెళ్లాను. "రవణమ్మగారూ, కడిగింది నేనే. ఎక్కడ కడగాలో మాత్రం నాకు ఈవిడ అద్దిన పొడే చూపించింది. ఆయన ఒంటి మీద ఆ చోటును రోజూ పట్టించుకున్న మనిషి ఈ లోకంలో ఈవిడ ఒక్కతే. పొడి వల్ల రోగం రాలేదు, పెరగలేదు. మేం డాక్టర్లం కింద ఏముందో చూడకపోవడం వల్ల ఆలస్యమైంది. ఆ లెక్క మాది."

రవణమ్మ నా వైపు, పొడి వైపు, అంటే పొడి ఉండిన వైపు, అనుమానంగా చూసింది. "అరకు తీసుకెల్లింది కూడా మీ డాట్రులేనేటి?"

సింహాచలం గారు గంజి గ్లాసు దించారు. గొంతు బలహీనంగానే ఉంది గాని, కిక్కిరిసిన బస్సులో తగవు తీర్చే గొంతే.

"నేనెల్లినానక్కా. సర్వీసంతా ఆ పూలు కిటికీలోంచి సూసినాను. దగ్గరికెల్లి సూడాలని నాకే ఉండీది, ఇది అడిగీసరికి ఎల్లినాను. నన్ను కరిసింది పురుగు. ఇది కాదు. ఇంక ఆపు."

రవణమ్మ ఆపింది. ఆవిడ ఆపడంతో వార్డులో ఫ్యాను శబ్దం ఉందని మొదటిసారి అందరికీ తెలిసింది. కొంచెంసేపు దుప్పటి అంచు సర్దింది, సర్దినదాన్నే మళ్లీ సర్దింది. తర్వాత పైడితల్లి వైపు చూడకుండా అంది:

"ఏటే, అలాగే కూకున్నావు. ముకం సూసుకున్నావేటి ఎలాగుందో. ఇంటికెల్లి తొంగో. ఈ రేత్రికి నేనుంటాను."

పైడితల్లి చాలారోజుల తర్వాత తలెత్తింది. వదినని తిన్నగా చూసింది.

"నువ్వు మాత్ర మర్సిపోతావు వదినా. డాట్రమ్మ ఏలకి ఏయమంది. నేనే ఉంటాను, నువ్వెల్లు."

"నేనేటి మర్సిపోయేది? నీకు పెల్లయ్యే ముందు ఈడికి మందులేసింది ఎవలు?"

"అప్పుడు ఈయన సిన్న గుంటడు. ఇప్పుడు ముడి ఇప్పించడానికి నలుగురు కావాలి."

ఇద్దరూ అలా మొదలుపెట్టి, గొంతు తగ్గించకుండా, ఎవరు వెళ్లాలో తేల్చుకోసాగారు. సిస్టర్ మాత్ర తెచ్చి మంచం పక్కన నిలబడింది. ఆ మాత్రను సింహాచలం గారు తన చేత్తోనే తీసుకుని వేసుకున్నారు, నీళ్లు తాగారు, దుప్పటి తలమీదకి లాక్కుని హాయిగా పడుకున్నారు.